వాకిట్లో తారు

మా ఆయన ఆదిబాబు తారు గ్యాంగులో పని చేస్తాడు. జంషెడ్‌పూర్‌లో మీరు ఎప్పుడైనా స్కూటరు వెనక పాలగిన్నె పట్టుకుని కూర్చుని, ఒక్క చుక్క తొణకకుండా ఇంటికి చేరారంటే అది తన చలవేనని ఆయనే చెబుతాడు. తొణికిందా, ఆ ముక్క వేరే గ్యాంగు వేసిందన్నమాట.

లారీలోంచి పొగలు కక్కుతూ తారు కలిపిన కంకర రోడ్డు మీద పడుతుంది. దాన్ని వీళ్ళు మసాలా అంటారు. పళ్ళున్న పొడుగాటి పారతో ఆ మసాలాని సర్దడం మా ఆయన పని. సర్దాక వంగి, ఒక కన్ను మూసి, రెండో కంటితో రోడ్డు మట్టం చూస్తాడు. అందుకే గ్యాంగులో ఆయన్ని 'లెవల్ బాబు' అంటారు. మా ఇంట్లో మంచం కోడు కింద అట్టముక్క పెట్టి ఏళ్ళయింది. ఆ ఎత్తుపల్లాలు మాత్రం ఆ కంటికి ఇంతవరకు ఆనలేదు.

నేను నూకమ్మని. ఐదో తరగతి పుస్తకం సగంలో ఉండగా చదువు మానేశాను కానీ నోరు మానలేదు. బర్మామైన్స్‌లో మా ఇంటి ముందు గదిలో ఒక పెద్ద గ్రైండరు ఉంది. దోసెల పిండి, ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతాను. సిద్ధగోరాలో ఇంజనీర్ల ఇళ్ళ నుంచి మా సందులో బీహారీ కోడళ్ళ దాకా నా పిండే. మా ఆయన కూలి వానాకాలంలో ఆగిపోతుంది, తడి నేల మీద తారు వెయ్యరు కదా. అప్పుడు మా ఇల్లు నడిచేది ఆ గ్రైండరు మీదే.

ఇంత తెలివైన మొగుడూ పెళ్ళాలం కలిసి మా ఇంటిని మేమే ఎలా ముంచుకున్నామో చెబుతాను.

ఇదంతా ముగ్గుతో మొదలైంది. అప్పట్లో మా సందంతా ఎర్రమట్టి. దాని మీద రైలు యార్డు నుంచి ఎగిరొచ్చే నల్లపొడి. పొద్దున్నే ముగ్గు వేస్తే అది ముగ్గో, ఎవరైనా పిండి ఒలకబోసుకున్నారో తెలిసేది కాదు. మా ఆడపడుచు శ్రీదేవి టెల్కో కాలనీ క్వార్టర్లలో ఉంటుంది. ఒకసారి పండక్కి పిలిస్తే వెళ్ళాను. ఆమె గుమ్మం ముందు నున్నటి నల్లరోడ్డు. దాని మీద తెల్లటి చుక్కల ముగ్గు. పక్క క్వార్టరు పంజాబీ ఆవిడ ఫొటో తీసుకుంటోంది. "బాగుంది వదినా" అని నవ్వుతూ అన్నాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇంటికి రాగానే మొదలుపెట్టాను.

"ఊరందరికీ రోడ్లేత్తావు. పెళ్ళాం ముగ్గుకి జానెడు తారు లేదేటయ్యా?"

"ఒలే నూకీ, అది సర్కారు మసాలా. నాను ఇంటికి తెచ్చీసుకోడానికి అదేటి మిక్చర్ పొట్లవా?"

"సాయంత్రం లారీలో మిగిలింది ఏటి సేత్తారు?"

"సల్లారిపోతే రాయైపోద్ది. డ్రైవరు ఎక్కడో దగ్గర పారబోసీసుకుంతాడు."

"ఆ పారబోసేదేదో మన వాకిట్లో పారబోయించు. ఆడికీ బరువు తగ్గుద్ది."

అంతే. ఆ వారమే లారీ మా సందులోకి వెనక్కి వెనక్కి వచ్చింది. మా గుమ్మం ముందు, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు, నల్లటి ముక్క ఒకటి తయారైంది. మా ఆయన దాన్ని సర్ది, కన్ను మూసి చూసి, తనకి తానే తలూపుకున్నాడు. మర్నాడు నేను వేసిన ముగ్గు సందు చివరికి కనిపించింది. బీహారీ కోడళ్ళు వచ్చి "వాహ్ చాచీ" అన్నారు. నేను టెల్కో కాలనీ వైపు తిరిగి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

నాలాంటిదానికి ఒకసారితో సరిపోతుందా? దసరాకి ఒక పొర. మా అమ్మాయి ఉజ్వల పెద్దమనిషయినప్పుడు చుట్టాలొస్తారని ఒక పొర. శ్రీదేవి వస్తుందని ఒక పొర. ఆమె రాలేదు, తర్వాత వస్తానంది, దానికి ఇంకో పొర. పాత ముగ్గు మరకలు పోవాలంటే పైన కొత్తది వెయ్యడమే నాకు తెలిసిన శుభ్రం.

మా సందు చివర, పల్లంలో రజని ఇల్లు. వాళ్ళదీ శ్రీకాకుళం వైపే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాలితో నా తారుని తడిమి చూసేది.

"నాకూ ఓ బొచ్చెడు పోయించు వదినా."

"మిగిల్తే సూద్దాం రజనీ."

మిగల్లేదు. మిగలనిస్తే కదా. దాని వాకిలి మట్టిగానే ఉండిపోయింది. అందులో అది గోరింట, రెండు అరటి మొక్కలు వేసుకుంది. "పల్లెటూరు బుద్ధి ఎక్కడికి పోతాది" అని నేను కస్టమర్ల దగ్గర నవ్వాను.

మా గుమ్మం పక్కన ఒక కరివేపాకు చెట్టు ఉండేది. పిండి కొన్నవాళ్ళకి ఒక రెమ్మ ఊరికే ఇచ్చేదాన్ని. మా ఆయన పనితనం ఎలాంటిదంటే, ఆ చెట్టు మొదలు చుట్టూ కూడా తారు పోసి, కంటికి కాటుక దిద్దినట్టు దిద్దాడు. "వేళ్ళకి నీళ్ళెలా పోతాయి?" అని ఎవరో అడిగారు. "మట్టి లేకపోతే చీమలు పట్టవు" అని చెప్పాను. నిజమే, చీమలు పట్టలేదు. ఆకులూ పట్టలేదు. రెండు వేసవులకి చెట్టు కట్టెలా ఎండిపోయింది.

ఆ వేసవుల్లో తెలిసింది నల్లరోడ్డు సంగతి. పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి నా ముందు గదిలోకి కక్కేది. పొద్దున రుబ్బిన పిండి మధ్యాహ్నానికే పులిసి మూత తన్నేది. మా గుమ్మం ముందు పడుకునే వీధికుక్క కూడా మకాం ఎత్తేసి రజని అరటి మొక్కల కిందకి పోయింది. అది నీళ్ళు చల్లిన మట్టిలో పొట్ట ఆనించి పడుకుని, దూరం నుంచి నన్ను చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

అంతలో ఊరి బయట హైవే వెడల్పు పని మొదలైంది. హైవేకి కలిపే కొత్త రోడ్డు ఒకటి మా సందు వెనక నుంచి తీశారు. అక్కడ పెద్ద పల్లం ఉండేది. వానాకాలంలో చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే పోయి చేరేవి. కప్పలు నెలల తరబడి అరిచేవి, తర్వాత నీళ్ళు మెల్లగా భూమిలోకి ఇంకేవి. ఆ పల్లాన్ని మట్టితో, బూడిదతో పూడ్చి కట్టలా లేపారు. పక్కనున్న కానుగ చెట్లన్నీ కొట్టేశారు. పని సాగినన్నాళ్ళూ మా మట్టిసందుకి పల్చగా తారు పూసి, లారీల్ని దాని మీదుగా తిప్పారు. పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పితే సాయంత్రానికి అట్టలా బిగుసుకుపోయేది.

కిందటి వానాకాలం మొదటి పెద్దవానకే నీళ్ళు మా ముందు గదిలోకి వచ్చేశాయి. గ్రైండరు మోటారు మునిగి కాలిపోయింది. వానలు తగ్గేదాకా పిండి లేదు. సిద్ధగోరా వాళ్ళు ప్యాకెట్ పిండికి అలవాటు పడ్డారు. వాళ్ళని మళ్ళీ నా దారికి తెచ్చుకోడానికి చలికాలమంతా పట్టింది. ఇంకోసారి ఆ మోటారు మునిగితే ఇక నా గిరాకీ నాకు దక్కదు.

తప్పు ఎవరిదో నాకు ఆ రోజే తెలిసిపోయింది. హైవేది! పిండి కొన్న ప్రతివాళ్ళకీ పిండితో పాటు హైవే మీద శాపనార్థాలు కూడా కట్టి ఇచ్చాను. "సెట్లు కొట్టీసినారు, పల్లం పూడ్చీసినారు, ఇప్పుడు మా కొంపలు ముంచుతన్నారు" అని చెబుతుంటే వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నా కళ్ళల్లో కూడా.

ఈ ఏడు వానలు దగ్గర పడుతుండగా ఒకరోజు మా ఆయన అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ, గొణిగాడు.

"మన సందుకి కొత్త పొర ఏత్తారంట."

"ఏటీ?"

"లారీలు తిరిగి పాడైపోనాది కదా. పైన మందంగా ఒకటి ఏసీమన్నారు. రేపు మా గ్యాంగే."

నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను. రోడ్డు అప్పటికే మా గడపతో సమానంగా ఉంది. ఇంకో పొర పడితే వాన పడక్కర్లేదు, ఎవరైనా రోడ్డు మీద ఉమ్మేసినా మా ఇంట్లోకే వస్తుంది.

"మీ సూపర్వైజరుకి సెప్పు. పాతది గీకీసి ఎయ్యమను."

"నానేటి సెప్తానే? ఇన్నేళ్ళల్లో ఆడి ముందు 'హా జీ' తప్ప ఒక్క ముక్క అన్లేదు."

"నా ముందు మాత్రం ఎన్ని ముక్కలంతావు!"

"నీ ముందూ అన్లేదు కాబట్టే కదే ఈ రోడ్డు ఇంత ఎత్తయినాది" అన్నాడు. నేను కంచం తీసేశాను.

మర్నాడు పొద్దున్నే రోడ్డు రోలరు, లారీ, గ్యాంగు దిగాయి. రజని ఇంటి వైపు నుంచి వేసుకుంటూ వస్తున్నారు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఉజ్వల చేత ఒక పక్క పట్టించి, గ్రైండరుని లాక్కొచ్చి రోడ్డు మధ్యలో పెట్టాను. ఇంట్లోంచి వైరు లాగి, మినప్పప్పు పోసి, స్విచ్ వేసి, పీట మీద కూర్చున్నాను.

"మమ్మీ, సబ్ దేఖ్ రహే హై" అంది ఉజ్వల, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని.

"సూడనీ. సూసినోళ్ళు పిండి కొంతారు."

సూపర్వైజరు రాజ్‌కిరణ్ హెల్మెట్ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అరే భాభీ, యే క్యా హై? హటాయియే ఇస్‌కో!"

"నై హటేగా. పహలే పురానా ఖోదో, ఫిర్ నయా డాలో" అన్నాను. తియ్యను, ముందు పాతది తవ్వి ఆ తర్వాత కొత్తది పొయ్యండని. నా హిందీ అంటే మా అమ్మాయికి సిగ్గు. కానీ గొడవలకి అది బాగానే సరిపోతుంది.

"ఖోద్‌నే కా ఆర్డర్ నహీ హై! ఏయ్ ఆదిబాబు, సమ్‌ఝావ్ అప్‌నీ ఘర్‌వాలీ కో!"

తవ్వే ఆర్డరు లేదట, నాకు నచ్చజెప్పమని మా ఆయనకి కేక. ఆదిబాబు ఎక్కడ? రోలరు చక్రం వెనక రెండు పాదాలు కనిపిస్తున్నాయి. ఆ చెప్పులు నాకు తెలుసు.

అప్పుడు బైకు మీద హైవే ఇంజనీరు దిగాడు. చూస్తే సిద్ధార్థ్! సిద్ధగోరాలో రమణి గారని నా పాత కస్టమరు, ఆవిడ కొడుకు. నా పిండితో వేసిన దోసెలు తిని పెరిగిన పిల్లాడు. ఇక నాకు ఏనుగంత బలం వచ్చింది.

"బాబూ, నువ్వే సూడు. మీ హైవే కట్ట ఏసీసి మా ఇల్లు ముంచీసినారు. దాని మీద మళ్ళీ పొరంట!"

"ఉండండి ఆంటీ, లెవల్స్ చూస్తాను" అన్నాడు మర్యాదగా. మూడుకాళ్ళ మీద దుర్భిణి లాంటిది పెట్టి సందు ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. సందంతా జనం. నేను పిండి తిప్పుతూ రజని వైపు చూసి, ఇప్పుడు విను అన్నట్టు కనుబొమ్మలెగరేశాను.

సిద్ధార్థ్ మళ్ళీ చూశాడు. అద్దం తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"ఆంటీ, సందంతా ఒకే వాలులో ఉంది. మీ ఇంటి ముందు మాత్రం పెద్ద దిబ్బ ఉంది. పైనుంచి వచ్చే నీళ్ళు దీన్ని దాటలేక ఆగి మీ గుమ్మంలోకి తిరుగుతున్నాయి. పక్కనున్న కాలువ నోరు కూడా దీని కిందే పూడిపోయింది. ఇది మా రికార్డులో లేదు. ఇంత తారు ఇక్కడెవరు వేశారు?"

జనం తలలన్నీ నా వైపు తిరిగాయి.

రజని నడుం మీద చెయ్యి పెట్టుకుని ముందుకొచ్చింది. "నన్నడుగు బాబూ, నాను సెప్తాను. దసరాకొకటి, దీపాలకొకటి. ఆడపడుచు వత్తాదని ఒకటి, రాలేదని ఒకటి. నాకొక బొచ్చెడు పొయ్యమంతే మిగల్లేదన్నాది. ఏటొదినా, అబద్ధమేటి?"

నేను స్విచ్ ఆపేశాను. పిండి రుబ్బడం అయిపోయిందని కాదు. చెయ్యి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

రాజ్‌కిరణ్‌కి భాష రాకపోయినా విషయం అర్థమైంది. "అచ్ఛా! తో యే స్పీడ్ బ్రేకర్ భాభీజీ కా హై!" అన్నాడు. గ్యాంగంతా పారలు నేలకి ఆనించి నవ్వారు. ఉజ్వల ఇంట్లోకి పారిపోయింది. నాకూ పారిపోవాలనిపించింది. కానీ గ్రైండరుని వదిలి ఎలా పోను?

"ఖోద్‌నా నహీ హై. ఉసీ కే ఊపర్ డాల్ దో" అని రాజ్‌కిరణ్ లారీకి చెయ్యి ఊపాడు. దాని మీదే పోసెయ్యమని. లారీ కదిలింది.

అప్పుడు రోలరు వెనక నుంచి మా ఆయన వచ్చాడు. చేతిలో గడ్డపార. మొహం ఎండిపోయిన పిండిలా ఉంది. రాజ్‌కిరణ్ ముందు నిలబడి నోరు తెరిచాడు. మొదట ఏమీ రాలేదు. రెండోసారి తెరిస్తే వచ్చింది.

"నై జీ."

"క్యా?"

"నై జీ. మసాలా నై పడేగా. పహలే ఖోదేగా. మైనే డాలా, మై ఖోదేగా." ముందు తవ్వకుండా మసాలా పడదు, నేనే వేశాను, నేనే తవ్వుతాను అన్నాడన్నమాట. గడ్డపార ఎత్తి తన ముక్క మీద తనే దింపాడు. ఎండకి మెత్తబడిన తారు పలకలా లేచింది.

రాజ్‌కిరణ్ సిద్ధార్థ్ వైపు చూశాడు. "తవ్వనివ్వండి. తవ్వకుండా పొర వేస్తే నేను సంతకం పెట్టను" అని హిందీలో అన్నాడు సిద్ధార్థ్. ఆ మాట మా అమాయకత్వం మీద జాలితో అన్నాడో, దోసెల మీద ప్రేమతో అన్నాడో నేను అడగలేదు.

గ్యాంగులో నలుగురు చెయ్యి వేశారు. తవ్వుతుంటే అంచు బయటపడింది. పొర మీద పొర, పొర మీద పొర. మా ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"ఇది ఉజ్వల ఫంక్షనుది. నున్నగా ఉన్నాది సూడు. ఈ గరుకుది టాటానగర్ స్టేషను దగ్గర మిగిల్నది. ఇది నువ్వు నాతో రెండ్రోజులు మాటాడకపోతే ఏసింది."

"అందరి ముందూ ఆ లెక్కలెందుకయ్యా?"

"పని బాగుంది కదే. ఒక్క పొరా విడిపోలేదు."

తన పనితనం మెచ్చుకోడానికి ఆయనకి దొరికిన సమయం అది.

ఇంకా కిందికి పోయేసరికి గడ్డపార దేనికో తగిలి ఖణేలుమంది. మట్టి తీస్తే సిమెంటు. దాని కింద ఇంకో సిమెంటు. ఉజ్వల గుమ్మంలోంచి వంగి చూసింది.

"మమ్మీ, హమారే ఘర్ మే సీఢీ థీ?"

మెట్లు! మా ఇంటికి రెండు మెట్లుండేవి. మా మామగారు కట్టించినవి. పెళ్ళయి వచ్చినప్పుడు నేను కుడికాలు పెట్టి ఎక్కింది ఆ మెట్లే. ఎక్కి వచ్చిన ఇంట్లోకి ఎప్పటి నుంచి దిగి వెళ్తున్నానో నాకు గుర్తే లేదు. మా ఆయన ఆ మెట్ల దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి, గడపని చూశాడు, రోడ్డుని చూశాడు. లెవల్ బాబుకి ఇంటి లెవల్ ఆ రోజు కనిపించింది.

కొత్త పొర పల్చగా, సందుకి సమానంగా వేశారు. కాలువ నోరు తెరిచారు. గోడ వారగా బారెడు మట్టి వదిలేయమన్నాను. రాజ్‌కిరణ్ "ఔర్ కుఛ్, మేడమ్?" ఇంకేమైనా కావాలా అని చేతులు జోడించాడు. చచ్చిన కరివేపాకు మోడు పీకేసి అక్కడ ఇంకో మొక్క నాటాను. దానికోసం రజని దగ్గరికే వెళ్ళి అడగాల్సి వచ్చింది. "మిగిల్తే సూద్దాం వదినా" అంది, కాసేపు నిలబెట్టి, ఇచ్చింది.

వారం తిరక్కుండా వాన వచ్చింది. ఆకాశం చిల్లిపడ్డట్టు కురిసింది. నేను గ్రైండరు పక్కన చీపురూ బకెట్టూ పట్టుకుని కాపలా కూర్చున్నాను. నీళ్ళు సందు పైనుంచి ఎర్రగా వచ్చాయి. మా ఇంటి ముందు ఆగలేదు. మొదటి మెట్టు తడిసింది, రెండో మెట్టు అంచు తడిసింది, అక్కడి నుంచి నీళ్ళు పక్కకి తిరిగి జారిపోయాయి. గ్రైండరు కింద నేల పొడిగా ఉంది. మా ఆయన పళ్ళికిలిస్తూ స్విచ్ వేశాడు. వానలో నా పిండి తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు పూర్తి కాకముందే కింద నుంచి కేక.

"ఓలమ్మో నూకమ్మొదినా! నీ గుమ్మంలో ఆపిన నీళ్ళన్నీ నా కొంపలోకి తోలీసినావేటి!"

అవును. ఇన్నాళ్ళూ నా దిబ్బ నీళ్ళని ఆపి నన్ను ముంచింది. దిబ్బ పోగానే అవి హాయిగా కిందికి పోయి, పల్లం ఉండాల్సిన చోట హైవే కట్ట అడ్డంగా ఉంటే గుద్దుకుని, వెనక్కి తిరిగి రజని ఇంట్లో దూరాయి. అరటి మొక్కలు నడుములోతు నీళ్ళలో నిలబడ్డాయి. వీధికుక్క మంచం ఎక్కింది.

మేమిద్దరం బకెట్లు పట్టుకుని పరిగెత్తాం. దారిలోనే సిద్ధార్థ్‌కి ఫోను చేశాను. పాపం, వాన వెలవక ముందే వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని రజని వంటింట్లో నిలబడి కిటికీలోంచి కట్టని చూశాడు.

"కట్ట కింద నుంచి నీళ్ళు పోయే పైపు ఒక్కటీ పెట్టలేదు. పెట్టాల్సింది" అన్నాడు నెమ్మదిగా. "ఇది మాదే తప్పు ఆంటీ. పైకి రాస్తాను. పైపు పడేదాకా ఈ పక్క కట్ట కోయించడానికి ఇవాళే మనుషుల్ని పంపిస్తాను."

"రాత్తావులే బాబూ" అంది రజని, ఖాళీ బకెట్టు ఒకటి అతని చేతిలో పెట్టి. "నీ మనుషులొచ్చేదాకా ముందు ఇది పట్టు."

ఇంజనీరు ముంచుతున్నాడు, మా ఆయన అందుకుంటున్నాడు, నేను గుమ్మం బయట పారబోస్తున్నాను. రజని మధ్యలో బల్ల మీద నిలబడి, హైవేని, మా ముగ్గుల్ని, మా ఆయన పనితనాన్ని, నన్ను, వరస తప్పకుండా తిడుతోంది. నా జీవితంలో మొదటిసారి ఒక తిట్టుకి కూడా జవాబివ్వకుండా బకెట్టు అందుకున్నాను.